నేపుల్స్ పిజ్జానా, న్యూయార్క్ పిజ్జానా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి న్యూయార్క్ పిజ్జాను మించింది లేదంటాడు. కోడలేమో నేపుల్స్‌దే అసలైనదంటుంది. వచ్చే నెల వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. మీరెటు వైపు?

జవాబు: నా ఓటు కోడలికే. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి వేడి 450 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. అంత వేడికి పిండిలోని తేమ ఒక్కసారిగా ఆవిరై అంచు పొంగుతుంది, అక్కడక్కడా నల్లమచ్చలు పడతాయి. ఆ అంచు తుంచి చూడండి. లోపల చిన్నా పెద్దా గాలి గదులు కనిపిస్తే పిండి చక్కగా పులిసిందన్నమాట. మధ్యలో తడిగా ఉంటుంది, పచ్చిగా ఉందని వెనక్కి పంపకండి. ఆ నగరంలో 1870 నాటి డా మికేలే అనే పిజ్జా హోటల్‌కు పేరు తెచ్చినవి మార్గెరీటా, మరినారా. రెండూ ఎంతో సాదా పిజ్జాలు!

మీ అబ్బాయి మాటా కొట్టిపారేయలేం. న్యూయార్క్ గ్యాస్ ఓవెన్లలో వేడి తక్కువ, కాల్చే సమయం ఎక్కువ. అందుకే అడుగు కరకరలాడుతుంది, ముక్కను మడిచి నడుస్తూ తినేయొచ్చు. గ్రీనిచ్ విలేజ్‌లో 1975 నుంచి ఉన్న జోస్ పిజ్జాకు తీసుకెళ్లమనండి. ఉత్త చీజ్ ముక్కే అడగండి. పైన కూరగాయలు కుప్పపోస్తే పిండి రుచి నాలుకకు అందదు.