పాత వాహనపు నిచ్చెన - మరమ్మతులోని విజ్ఞానం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే త్రోవలో ప్రయాణించిన వారికి పాత మోటారు వాహనాల వెనుక నిలువుగా బిగించిన ఇనుప నిచ్చెన పరిచితమైన వస్తువే. 1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన ప్రారంభమైన పిమ్మట దుమ్ముగూడెం, చర్ల వైపు వాహనాల రాకపోకలు సులభమైనాయి. సంతకు పోయే చింతపండు బుట్టలు, విస్తరాకుల కట్టలు ఆ నిచ్చెన మీదుగానే పైకప్పుకు చేరేవి. పైకప్పుపై మనుష్యులు ప్రయాణించుటను 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 123వ సెక్షను నిషేధించినది. అయినను సామాను ఎక్కించుటకు, టార్పాలిన్ కప్పుటకు ఎవరో ఒకరు ఎక్కక తప్పదు.

ఏజెన్సీ గ్రామాలలో రోజుల తరబడి తిరుగుతూ, లోపలనే వండుకొని నిద్రించే ఏర్పాటు గల ఒక పాత వాహనాన్ని మేము చూచాము. వాన ముంచుకొస్తున్నదని టార్పాలిన్ కప్పబోయిన సహాయకుడు నిచ్చెన మూడవ మెట్టు ఊడి క్రింద పడినాడు. మడమ విరిగినది. రెండు నెలల కూలి పోయినది. "చూచుకొని ఎక్కవద్దా?" అని అందరూ అతనినే తప్పుపట్టినారు. నిచ్చెనకు వెండిరంగు నిగనిగలాడుతున్నది మరి! ఊడిన మెట్టును చేతిలోకి తీసికొని చూచినప్పుడుగాని నిజం తెలియలేదు. గొట్టం లోపల నుండి త్రుప్పు పొడిగా రాలినది. రంగు క్రింద మిగిలిన ఇనుము కాగితమంత పలుచన. అంతకు ముందు జరిగినది మరమ్మతు కాదు, అలంకారం మాత్రమే.

త్రుప్పునకు గాలి, నీరు రెండూ కావలెను. నిలువు గొట్టం పైకొన మూయకపోతే వాననీరు లోపలికి దిగి అడుగున నిలుస్తుంది. బయట ఎన్ని పూతలు పూసినా లోపలి క్షయం ఆగదు. రెండవ కారణం లోహాల పొత్తు. అనేక వాహనాల చట్రం ఇనుముదైనా పైరేకు అల్యూమినియం. ఈ రెండు లోహాలు తడిలో తాకినచోట చిన్న విద్యుద్ఘటం ఏర్పడి అల్యూమినియం ముందుగా క్షయిస్తుంది. బోల్టు చుట్టూ తెల్లని పొడి కనిపించుట దాని గుర్తు. మూడవది బలాల పంపిణీ. నిలువు నిచ్చెన ఎక్కే మనిషి భారం వాహనానికి కొంత ఎడంగా ఉంటుంది. అందుచేత పై బోల్టులు బయటికి లాగబడుతాయి, క్రింది బిగింపులు లోపలికి నొక్కబడుతాయి. పై బోల్టు కేవలం రేకునే పట్టుకొని ఉంటే రేకు చిరుగక మానదు.

కనుక ముందుగా పరీక్ష చేయవలెను. చిన్న సుత్తితో గొట్టాన్ని పొడుగునా తట్టితే గట్టి ఇనుము ఖంగున మ్రోగుతుంది. క్షయించినచోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం కలిగినచోట రంగు గీకి చూడవలెను. బోల్టులు పట్టుకుపోతే కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు విప్పవలెను.

నిచ్చెనను వాహనం నుండి విడదీసి వెల్డింగు చేయుట ఉత్తమం. వాహనం మీదనే చేయవలసివస్తే బ్యాటరీ తీగలు ముందుగా తొలగించవలెను. లేనిచో విద్యుత్ పరికరాలు చెడిపోగలవు. క్షయించిన భాగాన్ని గట్టి ఇనుము తగిలేవరకు కోసివేసి, అదే మందం గల గొట్టాన్ని పెట్టవలెను. అతుకు లోపల గొట్టానికి సరిపడే కడ్డీని దూర్చి వెల్డింగు చేస్తే భారం అతుకు మీదనే పడదు. జింకు పూత గల గొట్టమైతే వెల్డింగు చేయుచోట ఆ పూతను ముందే తీసివేయవలెను. ఆ తెల్లని పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది. పైకొనలు మూసి, అడుగున నీరు కారుటకు చిన్న రంధ్రం వేయవలెను. ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరిన తరువాతనే రంగు వేయవలెను.

తిరిగి బిగించునప్పుడు రేకు వెనుక ఇనుప పలక వేసి, వీలైనంతవరకు చట్రానికే బోల్టు పట్టించవలెను. ఇనుముకు, అల్యూమినియంకు నడుమ రబ్బరు వాషరు వేయుట మరువరాదు. ఎవరినీ ఎక్కించక ముందే, ఎక్కే మనిషికి రెట్టింపు బరువు గల ఇసుక బస్తాలను ఒక్కొక్క మెట్టుకు నేలకు జానెడు ఎత్తున వేలాడదీసి కొంతసేపు చూడవలెను. మెట్టు వంగినా, బోల్టు కదలినా పని పూర్తి కాలేదని అర్థం. అంతవరకు ఆ నిచ్చెనకు అడ్డుకర్ర కట్టి, వేరే వెదురు నిచ్చెన వాడుకొనుట మేలు.

మన ప్రాంతపు గీత కార్మికుడు మోకును నమ్ముకొని తాడిచెట్టు ఎక్కుతాడు. మోకు పీచులేచినదా, అరిగినదా అన్నది అతనికి ప్రాణంతో సమానమైన ప్రశ్న. అయితే ఆ మోకు అతని చేతిలోనే ఉంటుంది. వాహనపు నిచ్చెన అటువంటిది కాదు. దానిని బాగుచేసేవారు ఒకరు, ఎక్కేవారు మరొకరు. ఎక్కేవానికి కనిపించేది రంగు మాత్రమే. ఆ రంగు క్రింద ఏమున్నదో తెలిసినవాడు బాగుచేసినవాడొక్కడే. విద్యార్థి మిత్రులలో రేపు ఎందరో ఇంజనీర్లు, మెకానిక్కులు కాగలరు. పడినవానిని తప్పుపట్టే ముందు విరిగిన మెట్టును చేతిలోకి తీసికొని చూడవలెనని వారికి మా మనవి.