ఒకే పదం, రెండు లెక్కలు

ప్రశ్న: భూరికార్డుల డేటా మోడల్‌లోకి, కాలమ్‌లకు గ్లాసరీ పదాల కేటాయింపులను ఎక్సెల్ నుంచి దిగుమతి చేస్తే సగమే ఎక్కాయి. ఎందుకండీ?
– ఓ పాఠకుడు, రఘునాథపల్లి

జవాబు: ముందు పదాలు, ఆ తర్వాతే కేటాయింపులు రావాలి. షీట్‌లో ఒట్టి కాలమ్ పేరు చాలదు. టేబుల్ పేరూ ఉండాలి. పేరులో ఒక్క ఖాళీ తేడా ఉన్నా ఆ వరుస జారిపోవచ్చు. దిగుమతి లాగ్ చూడండి.

అన్నీ ఎక్కినా, నన్నడిగితే అసలు చిక్కు ‘విస్తీర్ణం’ అనే పదంతోనే. పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు! దశాంశ ఎకరాల కాలమ్‌కూ అదే పదం తగిలిస్తే మొత్తాలన్నీ తప్పుతాయి. వేర్వేరు పదాలు పెట్టండి.

‘జిల్లా’ కూడా అంతే. 2016 అక్టోబరు 11కు ముందు మీ మండలం వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు జనగామలోది. పాత పత్రాల కాలమ్‌కు ‘నాటి జిల్లా’ అని కేటాయించండి.