లెక్క రాసుకుంటే రూపాయి నిలుస్తుంది

మన గిద్దలూరు పక్కన నల్లమల కొండలు ఉన్నాయి. కొండలు ఉన్నాయి గాని వాన మీద నమ్మకం లేదు. ఒక ఏడు కంది, శనగ బాగా పండుతాయి. మరో ఏడు విత్తనాల ఖర్చు కూడా రాదు. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు. పని లేనప్పుడు కొందరు గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. కొందరు హైదరాబాదు, బెంగుళూరు పోతారు.

రాబడి ఇలా ఉంటే ఇల్లు ఎలా గడపాలి?

కంభం చెరువును చూడండి. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లు అందులో చేరతాయి. రాయల కాలంలో వరదరాజమ్మ ఈ చెరువు కట్టించిందని పెద్దలు చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువుకు కట్ట ఉంది. తూము ఉంది. వచ్చిన నీటిని కట్ట ఆపుతుంది. కావలసినంత నీటినే తూము వదులుతుంది. మన డబ్బుకు కూడా ఈ రెండూ కావాలి. పొదుపే కట్ట. లెక్క రాయడమే తూము.

ఒక ఇంటి కథ

గిద్దలూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. మూడేళ్ల కిందట అత్త బోరు కోసం 50,000 రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. బోరులో నీళ్లు పడలేదు. అప్పు మాత్రం మిగిలింది.

అప్పటికి అత్తకు చదువు రాదు. నోటు మీద వేలిముద్ర వేసింది. తర్వాత రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంది.

ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. అందుకే గడువు దాటకముందే నోటు తిరగ రాయించుకుంటారు. ఒకరోజు షావుకారు కొత్త నోటు తీసుకుని వచ్చాడు.

"సంతకం నేర్చుకున్నావంట గదమ్మా. ఇక్కడ పెట్టు" అన్నాడు.

"పెడతాలే నాయనా" అని అత్త పెన్ను తీసుకుంది.

"అత్తా, ఆగు. ముందు చదువు" అంది కోడలు.

అత్త వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. "అరవై... ఐదు... వేలు." తల పైకెత్తింది.

"ఇదేంది నాయనా! మేం తెచ్చింది యాభై గదా?"

"వడ్డీ బాకీ పడింది గదమ్మా. వడ్డీ మీద వడ్డీ పెరిగింది."

కోడలు లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చింది. వడ్డీ ఇచ్చిన ప్రతిసారీ తేదీ, రూపాయలు అందులో రాసి ఉన్నాయి.

"చూడు పెద్దయ్యా. 36 నెలలకు 33 నెలలు వడ్డీ ఇచ్చినాం. 3 నెలలే బాకీ. నెలకు 1,500 చొప్పున 4,500 అవుతుంది. అసలుతో కలిపి 54,500. అరవై ఐదు ఎట్లా అవుతుంది?"

షావుకారు ఆ పుస్తకం చూశాడు. తన జేబులోని పుస్తకం తీసి చూసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. "సరే, 54,500కే రాస్తా" అన్నాడు.

అత్త ఆ నోటును రెండుసార్లు చదివింది. తర్వాతే సంతకం పెట్టింది. పాత నోటు తిరిగి తీసుకుంది.

ఆ రోజు ఆ ఇంటికి 10,500 రూపాయలు మిగిలాయి. ఒక నోటుపుస్తకం ఖరీదు ఎంత?

రాత్రి అన్నం తింటూ అత్త అంది: "పాత నోటులో ఏం రాశారో నేను ఎన్నడూ అడగలేదమ్మా. వేలిముద్ర వేసి వచ్చేసినా."

1. రోజూ లెక్క రాయండి

తర్వాత అత్తాకోడళ్లు నెల మొత్తం లెక్క రాశారు.

రాబడి:
కూలి - 12,000
పాలు - 1,500
మొత్తం - 13,500

ఖర్చు:
బియ్యం, సరుకులు - 4,000
కూరగాయలు, నూనె - 2,000
పిల్లల చదువు - 1,000
మందులు, డాక్టరు - 800
కరెంటు, ఫోను - 700
అప్పు వడ్డీ - 1,500
సారాయం, బీడీ, టీ - 2,400
పెళ్లిళ్లు, పండుగలు - 600
మొత్తం - 13,000

మిగిలింది 500. వడ్డీ, తాగుడు ఖర్చు కలిపితే 3,900. అంటే నెల సరుకులకు అయ్యేంత డబ్బు. రాసేదాకా ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మగవాళ్లను కూడా కూర్చోబెట్టి ఈ లెక్క చదివి వినిపించాలి. పోట్లాట కంటే లెక్క బాగా చెబుతుంది.

2. ముందు దాచండి, తర్వాత ఖర్చు పెట్టండి

మిగిలితే దాచుదాం అనుకుంటే ఏమీ మిగలదు. కూలి డబ్బు చేతికి వచ్చిన రోజే కొంత తీసి పక్కన పెట్టాలి.

మన పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద పోరాడారు. పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. ఆ జిల్లా ఆడవాళ్లే రోజుకు ఒక్క రూపాయి దాచే పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఈనాటి మన సంఘాలకు అదొక మొదలు.

డబ్బు ఎక్కడ దాచాలి? పొదుపు సంఘంలో, బ్యాంకులో, పోస్టాఫీసులో. పోస్టాఫీసు రికరింగు డిపాజిట్‌లో నెలకు 100 రూపాయలతో మొదలు పెట్టవచ్చు. 5 ఏళ్లు కడితే 6,000, దాని మీద వడ్డీ వస్తాయి. జన్‌ధన్ ఖాతాలో డబ్బు లేకపోయినా ఖాతా ఉంటుంది. బ్యాంకు మూతపడినా ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా రక్షణ ఉంది. డబ్బు వేసిన ప్రతిసారీ పాసుపుస్తకంలో అంకె పడిందో లేదో చూసుకోండి. నామినీ పేరు రాయించండి.

3. అప్పు చేసే ముందు వడ్డీ లెక్క వేయండి

నూటికి 3 రూపాయలు అంటే చిన్నదిగా అనిపిస్తుంది. ఏడాదికి అది 36 రూపాయలు. 50,000కు ఏడాది వడ్డీ 18,000. సంఘం ద్వారా నూటికి రూపాయి వడ్డీకి దొరికిందనుకోండి. అప్పుడు ఏడాది వడ్డీ 6,000. తేడా 12,000.

ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయకండి. మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు అప్పుల్లో చాలా ఇళ్లు అలాగే చిక్కుకున్నాయి. వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం దీని మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఇప్పుడు ఫోనులో కూడా అప్పు ఇస్తామని వస్తున్నారు. మన ఫొటోలు, మనవాళ్ల నంబర్లు తీసుకుని తర్వాత బెదిరిస్తారు. వాటి జోలికి పోవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

వడ్డీ కట్టినప్పుడు రసీదు తీసుకోండి. లేదా నోటు వెనక చెల్లు రాయించండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

4. ఎక్కువ ఆశ చూపితే అనుమానించండి

బ్యాంకు కంటే ఎంతో ఎక్కువ ఇస్తామని కొందరు వస్తారు. వచ్చేవాడు తెలిసినవాడే, చుట్టమే కావచ్చు. అగ్రిగోల్డు సంస్థలో కూలీలు, చిరు వ్యాపారులు లక్షల మంది డబ్బు కట్టారు. 2015 నాటికి ఆ సంస్థ డబ్బు తిరిగి ఇవ్వలేకపోయింది. చాలామంది ఏళ్ల తరబడి ఎదురు చూశారు. కట్టే ముందు బ్యాంకులో, సంఘంలో అడగండి. తొందరపెట్టేవాడిని నమ్మవద్దు.

5. చిన్న బీమా, పెద్ద ఆసరా

బ్యాంకు ఖాతా ఉంటే రెండు బీమాలు తీసుకోవచ్చు. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రమాదంలో చనిపోతే ఇంటివారికి 2 లక్షలు వస్తాయి. జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరుకు ఈ డబ్బు ఖాతాలో ఉండాలి. లేకపోతే బీమా ఆగిపోతుంది.

వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. నోటుపుస్తకం మన చేతిలో ఉంది. నేర్చుకున్న అక్షరాన్ని ముందు మన ఇంటి లెక్కకు వాడుకుందాం.

కొత్త మాటలు
అసలు: అప్పుగా తెచ్చిన డబ్బు
చెల్లు: కట్టిన డబ్బును నోటు మీద రాయడం
గడువు: పని చేయాల్సిన చివరి రోజు
నామినీ: మన తర్వాత డబ్బు అందుకునే మనిషి

చెప్పండి
1. కోడలు లెక్క రాయకపోతే ఏం జరిగి ఉండేది?
2. షావుకారు మూడేళ్లు నిండకముందే ఎందుకు వచ్చాడు?
3. మీ ఊళ్లో నూటికి ఎంత వడ్డీ తీసుకుంటున్నారు?

లెక్క చేయండి
1. రోజుకు 10 రూపాయలు దాచితే ఏడాదికి ఎంత?
2. 20,000 అప్పుకు నూటికి 2 రూపాయల వడ్డీ. ఏడాది వడ్డీ ఎంత?

రాయండి
ఈ వారం మీ ఇంటి రాబడి, ఖర్చు రాయండి. వచ్చే వారం సంఘంలో కూర్చున్నప్పుడు పక్కవారికి చదివి వినిపించండి.