మధుమేహము – పాదముల నరములు: స్త్రీ పురుష భేదము

మధుమేహము పట్టణవాసుల వ్యాధి యను తలంపు మన గ్రామములలో ఇంకను పోలేదు. కాని లెక్కలు వేరువిధముగా చెప్పుచున్నవి. భారత వైద్య పరిశోధనా మండలి పూనికతో దేశమంతట జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. పట్టణములలో 20 ఏండ్లు నిండిన వారిలో నూటికి 16 మందికి పైగాను, గ్రామములలో నూటికి 9 మందికి చేరువగాను దీనికి లోనై యున్నారు. ఒక గ్రామమున వేయిమంది పెద్దవారున్నచో, సగటున 90 మంది మధుమేహ రోగులుందురని మనము ఎంచుకొనవచ్చును.

వీరిలో పలువురికి కాలము గడచిన కొలది నరములు చెడును. ఈ చేటు సాధారణముగా స్త్రీలయందొక తీరుగను, పురుషులయందొక తీరుగను కానవచ్చుచున్నది. ఈ భేదము తెలియని గ్రామమున స్త్రీ చెప్పుకొను బాధను ఎవరును వినరు. పురుషుని పాదమును ఎవరును చూడరు. ఈ రెండు లోపములను సవరించుట పంచాయతీకి అసాధ్యము కాదు. అందులకే ఈ విషయమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

నరములు చెడుట యనగా నేమి?

రక్తమున చక్కెర హెచ్చుగా నుండి, ఏండ్ల తరబడి అట్లే కొనసాగినచో, నరములకు ప్రాణవాయువును, పోషణను అందించు సన్నని రక్తనాళములు దెబ్బతినును. నరముల లోపలి పనియు చెడును. శరీరమున మిక్కిలి పొడవైన నరములు నడుము నుండి పాదముల వరకు పోవునట్టివి. మొదట దెబ్బతినునవి అవియే. కనుకనే తిమ్మిరి, మంట, సూదులు గ్రుచ్చినట్లుండుట, మొద్దుబారుట అను లక్షణములు కాలివ్రేళ్ల చివర మొదలై క్రమముగా పైకి ప్రాకును. పిదప చేతివ్రేళ్లకును వచ్చును. మన పెద్దలు ఈ గుర్తును ఎరుగకపోలేదు. చరకసంహిత నిదానస్థానమున ప్రమేహము రాబోవునపుడు కానవచ్చు గుర్తులలో చేతులు, పాదములు మొద్దుబారుటయు, మండుటయు చెప్పబడియున్నవి.

ఒకే వ్యాధి, రెండు రూపములు

ఒక ఇంట భార్యాభర్తలిరువురికిని మధుమేహమున్న దనుకొందము. రాత్రి పండుకొనగానే ఇల్లాలి అరికాళ్లు నిప్పులపై పెట్టినట్లు మండును. దుప్పటి తగిలినను ఓర్వలేదు. తెల్లవారి చెప్పుకొన్నచో "పని యెక్కువై వచ్చిన నొప్పి" యని కొందరు, "వయసు మీద పడినది" యని కొందరు త్రోసివేయుదురు. కొన్నాళ్లకు ఆమెయు చెప్పుట మానుకొనును. భర్త నడిగినచో "నాకేమి, నా కాళ్లు రాళ్లవలె నున్నవి" అనును. రాళ్లవలె నుండుటయే వ్యాధి యని అతడెరుగడు. పొలమున తుమ్మముల్లు దిగినను అతనికి తెలియదు. రెండు మూడు దినముల పిమ్మట చెప్పునకంటిన రక్తమును చూచి ఇంటివారు చెప్పవలసి వచ్చును. అప్పటికి పుండు చీము పట్టియుండును.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణమే అయినను, పరిశోధనలు చూపుచున్నదియు ఇదియే. ఇంగ్లండు వాయవ్య ప్రాంతమున 15,692 మంది మధుమేహ రోగులను పరీక్షించి, ఫలితములను 2011లో ప్రకటించిరి. నరముల నొప్పి పురుషులలో కంటె స్త్రీలలో ఒకటిన్నర రెట్లు అధికమని అందు తేలినది. అచ్చట నివసించు దక్షిణాసియా సంతతివారికిని, అనగా మనవంటి వారికిని, ఇతరులకంటె ఈ నొప్పి ఒకటిన్నర రెట్లు అధికముగా నుండెను. మరియొక సంగతి మరువరానిది: నరములు తీవ్రముగా చెడినవారిలో నూటికి 60 మందికే నొప్పి యుండెను. తక్కిన 40 మందికి నరములు చెడియు నొప్పి లేదు.

పురుషుల విషయము వేరు. 2008లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో పురుషులకు నరముల వ్యాధి స్త్రీలకంటె సుమారు 4 ఏండ్లు ముందుగా వచ్చినట్లు కనబడినది. కాలిపుండ్లు పడుటయు, పాదమునో కాలినో తీసివేయవలసి వచ్చుటయు పలు దేశములలో పురుషులకే అధికము.

అయితే ఇవి సమూహములలో కానవచ్చు భేదములు మాత్రమే. మంటతో బాధపడు పురుషులును కలరు. స్పర్శ పూర్తిగా పోయిన స్త్రీలును కలరు. పొయ్యి దగ్గర కాలిన బొబ్బ తెలియని ఇల్లాలికిని పుండు పడవచ్చును. కావున ఇరువురిని రెండు విధములను పరీక్షింపవలెను.

భేదమునకు కారణములు

పురుషులు సాధారణముగా పొడగరులు. నరము పొడవైన కొలది దాని చివర చెడుటకు అవకాశము హెచ్చు. పొగాకు రక్తనాళములను కుదించును. మద్యము స్వయముగా నరములను చెరచును. ఈ రెండు అలవాట్లును పురుషులలో అధికము. పైగా నొప్పి లేనిదే వైద్యుని యొద్దకు పోరాదను పట్టుదల వారికి మెండు. స్త్రీలలో నొప్పి హెచ్చుగా నుండుటకు హార్మోనుల ప్రభావము, నొప్పిని మెదడునకు చేర్చు మార్గములందలి తేడాలు కారణములు కావచ్చునని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఓర్పు లేక చెప్పుచున్నారనుట మాత్రము అన్యాయము.

నొప్పి చేయు మేలు

రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులను, పాదములను పరిశీలించి యొక సత్యమును వెల్లడించెను. వారి వ్రేళ్లు తమంత తాము కుళ్లి రాలిపోవుట లేదు. స్పర్శ లేనందున తగిలిన గాయములు, కాలిన బొబ్బలు తెలియక, వానిపైననే పని చేయుచు నడచుచు నుండుటచే అవి నశించుచున్నవి. మధుమేహమున మొద్దుబారిన పాదమునకును ఇదే గతి. నొప్పి మనకు కావలివాడు. కావలివాడు లేని ఇంటికి మనమే కాపు కాయవలెను.

వ్రేలితో చేయదగిన పరీక్ష

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు 2011లో ఒక సులభమైన పరీక్షను ప్రకటించిరి. దీనికి పరికరమేదియు అక్కరలేదు. రోగిని కన్నులు మూసికొనుమని చెప్పి, రెండు పాదముల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు – ఈ ఆరింటి కొనలను చూపుడువ్రేలితో ఒక్కొక్కటిగా తేలికగా తాకవలెను. ఒకటి రెండు క్షణములు తాకిన చాలును. నొక్కరాదు, గోకరాదు, ఒకే వ్రేలిని మరల మరల తాకరాదు. తాకినది తెలిసినపుడు కుడికాలో ఎడమకాలో రోగి చెప్పవలెను. ఆరింటిలో రెండు గాని, అంతకు మించి గాని తెలియనిచో స్పర్శ తగ్గినట్లే. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కుష్ఠు వలనను, మద్యము వలనను, బి-12 విటమిను లోపము వలనను కాళ్లు మొద్దుబారవచ్చును. మెట్‌ఫార్మిన్ మాత్రలను చిరకాలము వాడినవారికి ఈ లోపము కలుగుట కద్దు. కారణమును వైద్యుడే నిర్ణయింపవలెను. రోగి తనంత తాను మాత్రలు మానరాదు.

రోగులు పాటింపవలసినవి

1. రక్తమున చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. నరముల రక్షణకు ఇదియే మూలము.

2. ప్రతి రాత్రి రెండు పాదములను, అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. కన్ను ఆననివారికి ఇంటివారు చూడవలెను.

3. ఇంటను, పొలమునను చెప్పులు లేక నడువరాదు. తొడుగుకొనుటకు ముందు లోపల రాయియో, ముల్లో ఉన్నదేమో తడిమి చూడవలెను.

4. తిమ్మిరి పోవునని కాళ్లను వేడినీటిలో పెట్టరాదు, కాపడము పెట్టరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు.

5. మంటకు దుకాణములో దొరకు నొప్పి మాత్రలను అదేపనిగా మ్రింగరాదు. నరముల నొప్పికి అవి అంతగా పనిచేయవు. మూత్రపిండములకు కీడు చేయును. ఈ నొప్పికి వేరు మందులు కలవు. వైద్యుని అడిగి వాడవలెను.

6. పుండు చిన్నదైనను ఆకుపసరులు, బూడిద పూయక ఆ దినముననే చూపవలెను.

పంచాయతీ చేయదగిన పని

30 ఏండ్లు దాటినవారికి చక్కెర పరీక్ష చేయు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమమున కలదు. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది దీనిని నడుపుచున్నారు. అయితే పరీక్ష పగటివేళ జరిగినచో, పొలమునకు పోయిన పురుషులు దానికి రారు. వారు పనికి పోకమునుపో, సాయంకాలము తిరిగివచ్చిన పిదపనో పరీక్ష జరుగునట్లు సిబ్బందితో మాట్లాడి వేళ కుదుర్చుట వార్డు సభ్యుల పని. చక్కెర పరీక్షతో పాటు పాదముల పరీక్షయు జరుగవలెనని కోరవలెను.

రెండు తెలుగు రాష్ట్రముల పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఇరుగుపొరుగు ఇండ్ల స్త్రీలు పురుష సభ్యునితో చెప్పుకొననిది సభ్యురాలితో చెప్పుకొందురు. "రాత్రివేళ కాళ్లు మండుచున్నవా?" యని ఆమె అడుగు ఒక్క ప్రశ్న, ఏండ్ల తరబడి మౌనముగా భరించిన బాధకు వైద్యము చేకూర్పగలదు.

కాలు పోయిన రైతు ఇంట దుక్కి ఆగును, అప్పు పెరుగును. ఆ భారము తిరిగి ఆ ఇల్లాలి మండు పాదములపైననే పడును. ఒక వ్రేలి తాకిడితోను, ఒక ప్రశ్నతోను ఈ కష్టమును చాలవరకు తప్పింపవచ్చును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, సభ్యులు తమ పాదముల పరీక్షతోనే ఈ పనిని ఆరంభింతురని ఆశించుచున్నాము.