చేతికి సబ్బు: చెప్పిన లెక్క, చేసిన లెక్క



"కాళ్ళూ చేతులూ కడుక్కుని రండి, వడ్డిస్తాను" అనే మాట వినని ఇల్లు మనలో లేదు. అయితే ఒకటి గమనించండి. భోజనానికి ముందు చేతి మీద కాసిని నీళ్ళు పోసుకుని కూర్చుంటాం. తిన్నాక కూర జిడ్డు పోవాలని సబ్బు రాస్తాం. సబ్బు కావలసినది ముందు! మరుగుదొడ్డికి వెళ్ళివచ్చిన చేతికి అంటినది కంటికి కనపడదు, ఒట్టి నీళ్ళకు పూర్తిగా వదలదు. సబ్బు రాసి గోళ్ళ సందులతో సహా ఇరవై సెకన్లు రుద్దితే జిడ్డుతోపాటు క్రిములూ ఊడి కొట్టుకుపోతాయి. పసిపిల్లల విరేచనాలకు ఒక ముఖ్యమైన దారి ఈ చేతులే.

నేనూ తక్కువ తినలేదు. బ్యాంకు కౌంటరులో రోజంతా నోట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఎదురుగా స్పాంజి డబ్బా ఉన్నా వేలు నాలుక మీదికే పోయేది. మధ్యాహ్నం ఆ చేత్తోనే క్యారియరు విప్పేవాణ్ణి. తెలియక కాదు.

తెలిసినదానికీ చేసేదానికీ ఉన్న ఈ తేడాను చిత్తూరు జిల్లా పల్లెల్లో కొలిచి చూశారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వారు, బెంగుళూరు సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ వారు కలిసి 2011లో 14 గ్రామాలు తీసుకున్నారు. ఏడింటిలో 'సూపర్ అమ్మ' అనే ప్రచారం నడిపి, ఏడింటిని పోలికకు ఉంచారు. జనాన్ని అడిగి రాసుకోలేదు. అడిగితే ఎవరైనా కడుగుతామనే అంటారు. ఇళ్ళలో కూర్చుని చూశారు. సబ్బు వాడవలసిన నూరు సందర్భాల్లో వాడినవి ఒక వర్గం గ్రామాల్లో 1, రెండో వర్గంలో 2!

ప్రచారంలో రోగాల జాబితా చదవలేదు. బిడ్డను చక్కగా పెంచుకునే తల్లి కథను బొమ్మల సినిమాగా చూపారు. మురికి చేతులతో లడ్డూలు చుట్టే 'లడ్డూ లింగం' వేషం కట్టి ఏవగింపు పుట్టించారు. తల్లులచేత ఊరి ఎదుట ప్రమాణం చేయించారు. ఆరు వారాలకు 19, ఆరు నెలలకు 37 అయింది. ప్రచారం లేని ఊళ్ళలో అప్పటికి 6 మాత్రమే. తర్వాత అక్కడా కుదించిన ప్రచారం జరిపారు. ఏడాదికి రెండు వర్గాల్లోనూ 29.

ఈ ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. లెక్కలు చూసే అలవాటు కొద్దీ 37 దగ్గర సంతోషించి, 29 దగ్గర ఆగిపోయాను. అంత మంచి ప్రచారం తర్వాత కూడా నూటికి డెబ్బై సార్లు చేయి సబ్బును తాకలేదన్నమాట. 2020లో కరోనా భయంతో గుమ్మాల ముందు పెట్టిన బకెట్లు, సబ్బులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి?

ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు వెళ్ళే విద్యార్థులు 'ఎంతమందికి చెప్పాం' అని కాక 'ఎన్నిసార్లు కడిగారు' అని రాసుకోండి. ప్రచారానికి ముందొకసారి, ఆరు నెలలకు ఒకసారి.

ఇంట్లో అయితే సబ్బు ఎక్కడుందో చూడండి. స్నానాల గదిలో ఉన్న సబ్బు వంటింటి పంపు దగ్గరి చేతికి అందదు. పెరటి కుళాయికి పాత దోమతెర ముక్కలో కట్టి వేలాడదీయండి. నానిపోదు, కాకి ఎత్తుకుపోదు.