పాలు ముట్టని పిల్లి
(వయసు మళ్ళిన పిల్లిలో అనారోగ్య లక్షణములు – మన కర్తవ్యము)

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎరుగని విద్యార్థి ఉండడు. ఎలుకల బాధ తీరుటకై రాయలవారు ఆస్థానములోని వారికి తలకొక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇప్పించినారట. కొన్నాళ్ళకు అందరి పిల్లులు బలిసి వచ్చినవి. రామకృష్ణుని పిల్లి మాత్రము ఎముకలు తేలి వచ్చినది. ఇది పాలు ముట్టదని కవి విన్నవించినాడు. గిన్నె ముందుంచగానే పిల్లి నిజముగానే పారిపోయినది. మొదటి దినముననే సలసల కాగిన పాలు పెట్టి దాని నోరు కాల్చిన సంగతి పిమ్మట బయటపడినది.

కవి చమత్కారమునకు మనము నవ్వుదుము. కాని పిల్లి పక్షమున నిలిచి ఈ కథను చదువువారు అరుదు. ఆ పిల్లి పాలు మానినది మొండితనముచేత కాదు, బాధచేత. 'ఇది తినదు' అను మాటతో తృప్తి చెందక 'ఏల తినదు?' అని అడుగుటయే ఈ వ్యాసమునకు మూలసూత్రము.

ఈ ప్రశ్నను మేము సకాలమున అడుగలేదు. కర్నూలులో మా యింట 13 ఏండ్లు పెరిగిన బూడిదవన్నె పిల్లి ఒకటి ఉండెడిది. ఒక ఏప్రిల్ నెలలో అది మాటిమాటికి నీళ్ళతొట్టి వద్దకు పోవుట చూచితిమి. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజులు. మనుష్యులకే దాహము తీరనప్పుడు పిల్లికి దాహమగుటలో వింత యేమున్నదని ఊరకుంటిమి. అది చిక్కిపోవుచుండగా 'ముసలిదైనది' అనుకొంటిమి. తిండి పూర్తిగా మానిన పిదపనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోతిమి. మూత్రపిండములు చాలవరకు చెడిపోయినవని పరీక్షలో తేలినది. పది దినములకు అది మరణించినది. సామెతలో కండ్లు మూసికొని పాలు త్రాగునది పిల్లి. మా యింట కండ్లు మూసికొన్నవారము మేము.

ఆ దాహమునకు అర్థమేమి? పెంపుడు పిల్లికి మూలజాతి ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియాల పొడినేలలలో తిరుగు అడవిపిల్లి. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 ఏండ్లనాటి మానవ సమాధి ప్రక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్ళు దొరకినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనిషితో దాని చెలిమి అంత పాతది. పొడినేలలో పుట్టిన ఈ జంతువు వేటాడిన మాంసములోని తడితోనే చాలవరకు కాలము గడపగలదు. దాని మూత్రపిండములు నీటిని పొదుపు చేసి, చిక్కని మూత్రమును మాత్రమే విడుచును. ఆ పొదుపుశక్తి నశించినప్పుడు చెరువుకట్టకు గండి పడినట్లగును. ఎంత నీరు చేరినను నిలువదు. మూత్రము పలుచనై పోవుచుండును, దాహము పెరుగుచుండును. మూత్రపిండముల శక్తిలో మూడింట రెండు వంతులు పోవువరకు ఈ లక్షణము పైకి కనబడకపోవచ్చును. కాన దాహమును ఎండకు వదలివేయుట ప్రమాదకరము. మధుమేహములోను, థైరాయిడ్ గ్రంథి అధికముగా పనిచేయు వ్యాధిలోను ఇదే లక్షణము కనబడును.

పిల్లి తన బాధను దాచుకొనును. అది వేటాడునదే కాక, పెద్ద జంతువులకు వేట అగునది కూడ. బలహీనతను బయటపెట్టిన ప్రాణికి అడవిలో రక్షణ లేదు. అందువలన అది మూలుగదు. తన అలవాటును మాత్రము మార్చుకొనును. గుర్రుమను శబ్దమును కూడ సుఖచిహ్నముగనే భావింపరాదు. నొప్పిలో ఉన్న పిల్లియు గుర్రుమనును. సుమారు 11 ఏండ్లు దాటిన పిల్లిలో ఈ క్రింది మార్పులను గమనింపవలెను.

మొదటిది, బరువు. బాగుగా తినుచు చిక్కిపోవు పిల్లికి థైరాయిడ్ వ్యాధి ఉండవచ్చును. రెండవది, నోరు. గిన్నె వద్దకు ఆశతో వచ్చి, వాసన చూచి వెనుదిరుగుట, చొంగ కార్చుట, దుర్వాసన – ఇవి పంటి వ్యాధికి గుర్తులు. మూడవది, నడక. మిద్దె మెట్లు ఒక్క గంతులో ఎక్కునది మెట్టు మెట్టుకు ఆగినచో కీళ్ళ నొప్పిని అనుమానింపవలెను. నాలుగవది, బొచ్చు. నాకుకొనుట మానిన పిల్లి బొచ్చు జడలు కట్టును. ఐదవది, చూపు. కనుపాపలు విప్పారి, గోడలకు తగులుచు నడచినచో అధిక రక్తపోటు కారణము కావచ్చును.

కొన్ని లక్షణములకు మరునాటివరకు ఆగరాదు. మూత్రమునకై మాటిమాటికి కూర్చుండి చుక్కయు రాకపోవుట, విశేషించి మగపిల్లిలో, గంటలలో ప్రాణము తీయగలదు. నోరు తెరచి ఎగశ్వాస విడుచుట, నిద్రలో శ్వాస నిమిషమునకు 30 సార్లు దాటుట, వెనుక కాళ్ళు హఠాత్తుగా పడిపోవుట – ఇవియు అట్టివే. ఒక దినమంతయు ఏమియు తినని ముసలి పిల్లిని వైద్యునికి చూపవలెను. ఉపవాసము కొన్ని దినములు సాగినచో కాలేయమున క్రొవ్వు పేరుకొని వేరొక వ్యాధి పుట్టును.

చేయకూడని పనులు చేయవలసిన వానికంటె ముఖ్యములు. జ్వరమునకు మనము మ్రింగు పారాసెటమాల్ బిళ్ళను పిల్లికి ఎన్నడును ఇవ్వరాదు. ఒక్క బిళ్ళయే దానిని చంపగలదు. ఆ మందును విరుగగొట్టు శక్తి దాని కాలేయమునకు లేదు. రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. మూత్రము ఎక్కువైనదని నీటిగిన్నె తీసివేయరాదు. నీరసించిన పిల్లి గొంతులో పాలు, నీళ్ళు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కలిపిన అన్నము పెట్టరాదు. అవి దాని ఎర్ర రక్తకణములను చెరచును.

చేయవలసినది కష్టమైన పని కాదు. నెలకొకమారు పిల్లిని ఎత్తుకొని త్రాసుపై నిలిచి, పిదప ఒంటరిగా నిలిచి, తేడాను వ్రాసికొనవలెను. 4 కిలోల పిల్లి అర కిలో తగ్గుట 60 కిలోల మనిషి ఏడున్నర కిలోలు తగ్గుటతో సమానము. తిండి, నీరు, మూత్రము, మార్పు కనబడిన తేదీ ఒక కాగితముపై గుర్తించి, గాలి ఆడు వెదురుబుట్టలో పిల్లిని కూర్చుండబెట్టి, పైన గుడ్డ కప్పి వైద్యశాలకు తీసికొనిపోవలెను. రక్తము, మూత్రము పరీక్షింపుమని అడుగవలెను. మన సీమలోనే కడప జిల్లా ప్రొద్దుటూరున పశువైద్య కళాశాల కలదు. నొప్పిలో ఉన్న పిల్లి కరచినచో గాయమును సబ్బుతో 15 నిమిషములు కడిగి, రేబిస్ టీకాకై వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మూత్రపిండ వ్యాధి పూర్తిగా నయము కాదు. అయినను ముందుగా గుర్తించినచో తగిన ఆహారముతో, మందులతో నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు జీవింపవచ్చును. థైరాయిడ్ వ్యాధికి మందు కలదు. చెడిన పన్ను తీసినచో పిల్లి తిరిగి తినును. ముసలితనము వ్యాధి కాదు. వ్యాధిని ముసలితనమని పిలుచుటయే మన పొరపాటు.

హజ్రత్ అబూ హురైరా గారి పేరునకు 'పిల్లికూన తండ్రి' అని అర్థము. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టకయు, తిననీయకయు చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని హదీసులలో కలదు. కట్టివేయుట ఒక్కటే నేరమా? కండ్లయెదుట చిక్కిపోవుదానిని చూచియు చూడకుండుట ఏమగును? మేము ఈ ప్రశ్నకు ఆలస్యముగా వచ్చితిమి. విద్యార్థులారా! మీ యింట కడప బండపై చల్లదనమునకై పడుకొన్న ముసలి పిల్లి నిన్నటివలె నేడు లేచి వచ్చినదో లేదో, నేటి సాయంత్రమే చూడుడు.