ఎఱ్ఱచందనపు మొక్కలను పెంచు విధము

ఎఱ్ఱచందనము తూర్పు కనుమల దక్షిణభాగమున మాత్రమే సహజముగా పుట్టు వృక్షము. శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు, లంకమల దీనికి పుట్టినిండ్లు. దొంగతనముగా నఱకుటచేతను, కార్చిచ్చుచేతను, పశువుల మేతచేతను అడవులలో ఇది నానాటికి తగ్గుచున్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు 2021 వ సంవత్సరమున దీనిని అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్చిరి. దీని విదేశీ వ్యాపారము 1995 నుండి అంతర్జాతీయపు ఒడంబడికకు లోబడి యున్నది. పట్టాభూములు గల రైతులు పూనుకొన్నచో ఈ జాతి నిలుచుటకు తోడ్పడగలరు.

నేల:– గులకతో కూడిన ఎఱ్ఱనేల, నీరు నిలువని వాలునేల దీనికి తగినవి. నీరు నిలుచు చోట వేరు కుళ్లును. నీడయందు ఇది పెరుగదు.

విత్తనము:– కాయ గుండ్రముగ నుండి, చుట్టును ఱెక్కవంటి అంచు గలిగి యుండును. లోపల ఒకటి రెండు గింజలే యుండును. కొన్ని కాయలు తాలుగానే పోవును. కావున కావలసిన మొక్కలకంటె అనేకరెట్లు కాయలు విత్తవలెను. ఒకే చెట్టు కాయలు చాలునని తలపరాదు. పలుచెట్ల కాయలు కలిపినచో సంతతి బలముగా నుండును. రక్షితారణ్యమున అనుమతిలేక కాయలు ఏరుట నేరము. అటవీశాఖవారి నారుమళ్లనుండి తెచ్చుకొనుట మేలు. నిలువచేసినకొలది మొలకెత్తు శక్తి తగ్గును గనుక ఆ యేటి కాయలనే వాడవలెను.

మడి:– ఱెక్కలు కత్తిరించి, కాయలను పేడనీటిలో మూడుదినములు నానవేసి, ఎండకాలమున ఇసుక కలిపిన మడిలో విత్తి, అర అంగుళము మన్ను కప్పి, గడ్డి పఱచి, దినమును నీరు చిలుకరింపవలెను. అన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని వారములు పట్టును. తొందరపడి మడిని త్రవ్విన రైతు రాబోవు మొలకలను తానే చంపుకొనినవాడగును. రెండాకులు విడిచిన పిదప మొలకలను మట్టి, ఎరువు నింపిన సంచులలోనికి మార్చవలెను.

నాటుట:– ఏడాది మొక్కలను తొలకరి వర్షములు బాగుగ పడిన పిమ్మట, పదియడుగుల ఎడమున, ఒకటిన్నర అడుగు లోతు గుంటలలో నాటవలెను. మొదటి రెండు మూడేండ్లు కలుపు తీయుట, కంచె వేయుట, నిప్పు సోకకుండ చుట్టును గడ్డి చెక్కుట ముఖ్యము. ఎండకు కొమ్మ మాడినంతమాత్రమున మొక్క చచ్చెనని పెఱికివేయరాదు. వేరు బ్రతికియున్నచో వానలకు మరల చిగిర్చును.

హెచ్చరిక:– చేవ కట్టుటకు 20 సంవత్సరములకు పైగా పట్టును. కావున ఇది శీఘ్రలాభము కోరువారి పైరు కాదు. పట్టాభూమిలోని చెట్టునైనను అటవీశాఖవారి అనుమతిలేక నఱకరాదు, తరలింపరాదు. కావున నాటిన యేడే చెట్ల లెక్కను అడంగలులో వ్రాయించుకొనుట క్షేమము. లేనిచో తన చెట్టు తనదని ఋజువు చేయుట మనుమని కాలమున కష్టమగును.

తుదకొక మనవి. తోట అంతయు కొట్టుటకే గాక, గట్టుమీద కొన్ని చెట్లనైనను విత్తనమునకై విడువుడు. కొండపై తల్లిచెట్లు లేనినాడు, అడవిని మరల నిలుపుటకు మీ గట్టుమీది కాయలే విత్తనములు కావచ్చును.